గైర్హాజరు గడి

"సారు మీటింగులో ఉన్నారు, ఒక గంట పడుతుంది, అలా కూర్చోండమ్మా" అని కౌంటరు వెనక కానిస్టేబులు చెయ్యి చూపించిన బల్ల మీదే పెద్దక్క కూర్చుంది. బల్లకు ఒక కాలు పొట్టి. ఎవరు లేచినా, ఎవరు కూర్చున్నా మిగిలినవాళ్ళందరూ ఒకసారి ఊగి సర్దుకోవలసిందే. పదకొండు దాటి అయిదు నిమిషాలు. గంట అంటే పన్నెండు. పన్నెండుకు ఆ సారు వచ్చి, తన మాట విని, ఒళ్ళో ఉన్న ఈ నీలం ఫైలు చూసి, సరే వెతుకుదాం అంటే, అప్పటికి ఆ పిల్ల గేటు దాటి ఇరవై గంటలు. ఇరవై గంటల్లో మనిషి ఎంత దూరం వెళ్ళగలదు? నడిస్తే ఎంత, బస్సెక్కితే ఎంత, ఎవరో ఎక్కించుకుని తీసుకుపోతే ఎంత? మూడో లెక్క దగ్గర ఆమె బుర్ర మొరాయించింది. రేపు కాదు, సాయంత్రం కాదు, ఈ పూటే వెతకడం మొదలుపెట్టాలి, ఆమెకు కావలసింది అంతే. అది అడగడానికే వచ్చింది. అడ్డుపడేది మాత్రం ఎవరో కాదు, ఒళ్ళో ఉన్న ఫైలే, అందులో ఉన్నది మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా తన చేతిరాతే.

దుప్పటి మడత పెట్టి ఉంది. పొద్దున ఏడింటికి గది తలుపు తీసినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయింది ఆ మడత చూసే. మంచం ఖాళీగా ఉండటం కొత్త కాదు, ఈ ఏడాదిలో పదకొండుసార్లు చూసింది ఆ ఖాళీ మంచాన్ని. కానీ ప్రతిసారీ దుప్పటి సగం కిందికి వేలాడుతూ, దిండు కాళ్ళ వైపుకు వచ్చి, ఎవరో కుస్తీ పట్టి వెళ్ళినట్టుండేది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి దుప్పటి మడత పెట్టిన పాపాన పోలేదు. మడత పెట్టవే అంటే, రాత్రికి మళ్ళీ విప్పేదే కదా పెద్దక్కా, రెండు పనులు ఎందుకు అనేది. ఇవాళ నాలుగు మూలలూ కలిపి, అంచులు లోపలికి తోసి, పైన దిండు పెట్టి ఉంది. గోడకు ఛార్జరు అలాగే వేలాడుతోంది. ఎటు వెళ్ళినా మొదట చంకన పెట్టుకునేది ఆ ఛార్జరునే. ఫోను కట్టేసి ఉంది, పొద్దున్నుంచి ముప్ఫైసార్లు చేసింది, అదే గొంతు, అదే మాట. ఈ సంగతి సారుకు చెప్తే ఏమంటాడు? దుప్పటి మడత పెట్టిందనా అమ్మా నీ భయం అంటాడు. అనడూ మరి. విన్నవాడెవడైనా నవ్వుతాడు, పిల్ల బుద్ధిమంతురాలైందని సంతోషించమంటాడు.

అయినవాళ్ళ దగ్గర ఉండలేని, అలాగని తమ కాళ్ళ మీద నిలబడే వయసూ రాని పిల్లలు ఆరుగురు తలా ఒక గదిలో ఉండే ఇల్లు అది. బోర్డు మీద ఆసరా గృహం. పెద్దక్క ఉద్యోగం కాగితాల మీద సహాయకురాలు. అక్క అనిపించుకునే వయసు దాటి పదేళ్ళయినా, ఆంటీ అంటే పలకనని వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి రోజే చెప్పేస్తుంది. ఆ మొదటి రోజే ఇంకో పని కూడా ఉంటుంది. పిల్లలు దానికి పారిపోయే కాగితం అని పేరు పెట్టారు. ఎప్పుడైనా కనబడకుండా పోతే వెతకడానికి కావలసినవన్నీ, పిల్ల ఎదురుగా ఉండగానే, పెట్టె ఇంకా విప్పకముందే రాసి పెట్టుకోవాలి. ఫోటో, ఎత్తు, పుట్టుమచ్చలు, ఎక్కడికి వెళ్ళవచ్చు, ఎవరిని నమ్ముతుంది. ఎవరు కనిపెట్టారో గానీ, గుమ్మంలోకి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వకముందే నువ్వు పారిపోయినప్పుడు ఏ చెప్పులు వేసుకుంటావు అని అడగడం లాంటిది. ఆ పిల్ల ఆరోజు పెన్ను వంక చూసి, తన వంక చూసి, "ఇంకా రానే లేదు, అప్పుడే పంపించేస్తున్నారా? సరే రాసుకోండి, సముద్రం మీద వెళ్తాను" అంది. ఎత్తు కొలుస్తుంటే మడమలు లేపింది. దించవే అంటే, పారిపోయేటప్పుడు నేను ఇలాగే నడుస్తాను, మీరు సరిగ్గా రాయకపోతే దొరకను, ఆ తర్వాత మీ ఇష్టం అని వాదన. అప్పటి నుంచే లాయరు అని పేరు. ఎవరిని నమ్ముతావు అన్న చోట మాత్రం వాదన లేదు, నవ్వు లేదు. ఎవరో ఒకరిని మీరే రాసేయండి అంది. పెద్దక్క అక్కడ సహాయకురాలు అని రాసింది. రాస్తుంటే గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు ఆ మాట ఫైలులో మొదటి పేజీలో అయిదో వరుసలో ఉంది, కళ్ళు అటు పోకుండా ఆమె అట్ట మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టుకుంది.

బల్ల ఊగింది. పక్కన ఒకాయన వచ్చి కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి కౌంటరు దగ్గరకు వెళ్ళాడు. సైకిలు పోయిందట. కానిస్టేబులు కాగితం తీశాడు. రంగు? ముదురు ఆకుపచ్చ. గుర్తులు? వెనక మడ్‌గార్డు మీద ఒక సొట్ట, మా చిన్నవాడు గోడకు గుద్దినప్పటిది. ఎప్పుడు చూశారు చివరిసారి? పొద్దున తొమ్మిదింబావుకు, తాళం వేసి రెండుసార్లు లాగి చూశాను కూడా. పది నిమిషాల్లో సైకిలు కాగితం పూర్తయింది, ముద్ర పడింది, ఆయన ముఖం తేటపడింది. సైకిలు ఎంత అదృష్టం చేసుకుంది! అది పోతే పోయిందనే రాస్తారు. పోయిందా, లేక దానంతట అది ఎటైనా వెళ్ళిందా, ఇదివరకు ఎన్నిసార్లు వెళ్ళింది, ఎన్నిసార్లు తిరిగొచ్చింది అని ఎవరూ అడగరు.

పిల్లల కాగితంలో, ఇంట్లోనైనా స్టేషనులోనైనా, రెండు గడులు ఉంటాయి. రాత్రి పదింటికి ఎవరైనా ఇంట్లో లేకపోతే ఫోను చేయాలి, గది తలుపు కొట్టాలి, తోటివాళ్ళను అడగాలి, ఆ తర్వాత రెండింట్లో ఒకదానిలో టిక్కు పెట్టాలి. మొదటిది గైర్హాజరు: ఎక్కడుందో తెలుసు, ప్రమాదం ఏమీ లేదు, ఆలస్యంగా వస్తుంది. రెండోది ఆచూకీ లేదు. రెండో గడిలో టిక్కు పడితే గంటలోపు పోలీసులకు చెప్పాలి, పైఆఫీసుకు చెప్పాలి. మూడు నెలల్లో మూడుసార్లు రెండో గడి నిండితే పెద్దవాళ్ళు కూర్చుని ఈ ఇల్లు ఈ పిల్లకు చాలదు అని తేల్చి తాళాల ఇంటికి పంపేస్తారు. నాలుగు గంటల ప్రయాణం, కిటికీలు తెరుచుకోవు, గేటుకు రెండు తాళాలు. చాలా ఏళ్ళ కిందట డప్పు అనే పిల్లవాడు ఉండేవాడు. బల్ల కనిపించినా, పళ్ళెం కనిపించినా, ఎదుటివాడి వీపు కనిపించినా వాయించడమే. వాడు వేరే ఇంట్లో ఉంటున్న తమ్ముణ్ణి చూడటానికి చెప్పకుండా వెళ్ళి పొద్దునకు వచ్చేవాడు. పెద్దక్క కొత్తలో ఉంది, నిజాయితీగా ఉంది, మూడుసార్లూ రెండో గడిలోనే టిక్కు పెట్టింది. వ్యాను ఎక్కుతూ వాడు ఒక్కటే అన్నాడు, "నువ్వు రాశావు కాబట్టే కదా." రెండు నెలల తర్వాత చూడబోతే వాడు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు గంటసేపు కదలలేదు. వస్తూ వస్తూ బస్సులో ఆమె ఒట్టు పెట్టుకుంది, ఇంకెప్పుడూ ఒక పిల్లను తన పెన్నుతో పంపించనని. ఆ ఒట్టును చూసుకుని ఎంత మురిసిపోయిందో! తనకంటే మంచి మనిషి ఆ ఇంట్లో లేదనుకుంది.

అందుకే లాయరు మొదటిసారి రాత్రంతా రాకుండా పొద్దున ఆరింటికి చెప్పులు చేత్తో పట్టుకుని గేటు తోసుకుని వచ్చినప్పుడు, టిక్కు ఇంకా పెట్టని కాగితం బల్ల మీదే ఉంది. పిల్ల దాన్ని చూసింది. "ఆచూకీ లేకపోవడం ఏంటి పెద్దక్కా? ఎక్కడున్నానో నాకు తెలుసు కదా. నేను బయటికెళ్ళాను, వచ్చాను. మీ అమ్మాయి బయటికెళ్తే కూడా గళ్ళు నింపుతారా?" పెద్దక్క మొదటి గడిలో టిక్కు పెట్టింది. అయితే ఆ గడి ఊరికే ఒప్పుకోదు, ఎక్కడుంది అని కింద ఒక గీత ఉంటుంది. స్నేహితురాలి ఇంట్లో అని రాసింది. రెండోసారి అదే స్నేహితురాలు. మూడోసారి పైఆఫీసు నుంచి, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారా అని అడిగారు, కాబట్టి స్నేహితురాలికి ఒక తల్లిని పుట్టించింది. ఫోనులో మాట్లాడాను, మర్యాదస్తురాలు, పిల్లలిద్దరూ పరీక్షకు చదువుకుంటున్నారు అని రాసింది. అయిదోసారికి ఆ తల్లి టీచరు అయింది. ఎనిమిదోసారికి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, అందుకని పిల్లను రాత్రిపూట దిగబెట్టలేకపోయింది. ఒక్కొక్కసారి రాస్తూ రాస్తూ ఆ లేని తల్లి మీద పెద్దక్కకు ఇష్టం పుట్టేది. నీళ్ళు కాచి కాపడం పెట్టుకుంటోందో లేదో పాపం అనుకునేది. మరి ఆ రాత్రుళ్ళు లాయరు నిజంగా ఎక్కడుందో? అడగలేదు. ఒకసారి అడిగింది, నిజం, ఒక్కసారి. పిల్ల ముఖం తిప్పుకుంది. తిప్పుకున్న ముఖాన్ని పట్టుకుని తన వైపుకు తిప్పుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఫైలులో అంత చోటు ఉంది, మోకాళ్ళ నొప్పులకు దొరికిన చోటు దానికి దొరకలేదు.

ఫోను మోగింది. మేనేజరు. వయసులో తనకంటే పదేళ్ళు చిన్న, అక్కా అనే పిలుస్తాడు, ఆ పిలుపు వెనక ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. "అక్కా, పోలీసుల దగ్గర చిలవలు పలవలు వద్దు. రికార్డులో ఉన్నది చెప్పండి చాలు. వచ్చే వారం తనిఖీ ఉంది, తెలుసుగా." తెలుసు. రికార్డులో ఉన్నది చెప్తే చాలు. రికార్డులో ఏముంది? తరచుగా స్నేహితురాలి ఇంటికి వెళ్తుంది, తనంతట తానే క్షేమంగా తిరిగి వస్తుంది. పదకొండుసార్లు అదే. నిన్న రాత్రి పదింటికి పన్నెండోది. నిద్ర ముంచుకొస్తుంటే నిలబడే టిక్కు పెట్టేసింది, కూర్చోలేదు కూడా. పెట్టి, పెన్ను మూత పెట్టి, వెళ్ళి పడుకుంది. పడుకుంటే నిద్ర పట్టింది కూడా.

అదీ అసలు సంగతి. నిద్ర పట్టింది. సొంత కూతురు ట్యూషను నుంచి పావుగంట ఆలస్యమైతే తను ఏం చేస్తుంది? మొదటి అయిదు నిమిషాలు వంటింట్లో, తర్వాతి అయిదు గుమ్మంలో, ఆ తర్వాత వీధి చివర. వీధి దీపం ఉండగా నువ్వెందుకు నిలబడటం అని ఆయన ఎగతాళి చేస్తాడు, చేయనీ. కూతురు మూల తిరిగి కనిపించగానే కడుపులోంచి ఊపిరి బయటికి వస్తుంది, వెంటనే కోపం కూడా వస్తుంది, నలుగురిలో నాలుగు తిడుతుంది, పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. లాయరు కోసం ఎప్పుడైనా వీధి చివర నిలబడిందా? పన్నెండుసార్లలో ఒక్కసారి? లేదు. పొద్దున వచ్చాక కసురుకుందా? అదీ లేదు. తిన్నావా అని అడిగి, పళ్ళెం ముందుకు తోసేది. తిట్టని ఆ మంచితనం చూసి పిల్ల ఏమనుకుందో. ఇంటికి ఆలస్యంగా వస్తే తిట్టేవాళ్ళు లేకపోవడం ఎంత పెద్ద లోటో, పదిహేడేళ్ళ పిల్లకు తెలియకుండా ఉంటుందా? ఆ పిల్లకు తెలియనిదంటూ ఏదైనా ఉందా?

బూడిదరంగు కారు. దాని దగ్గరకు రాకుండా గంటసేపు ఎటెటో తిరిగింది ఆమె మనసు, ఇక్కడ ఆగింది. వేసవి మొదట్లో ఒకసారి, మందుల దుకాణం పక్కన, ఇంజను ఆపకుండా. తర్వాత రెండుసార్లు. గత వారం మళ్ళీ. పిల్ల ముందు సీట్లోంచి దిగి, తలుపు వేసి, వెనక్కి చూడకుండా నడిచి వచ్చేది, లోపల ఉన్న మనిషి ముఖం ఎప్పుడూ సరిగా కనిపించలేదు, గడియారం పెట్టుకున్న చెయ్యి మాత్రం కిటికీ మీద ఉండేది. ఎవరే అంటే, "మా బాబాయి" అంది. నదురు లేదు బెదురు లేదు. ఫైలులో రెండో పేజీలో ఉంది, తండ్రికి అన్నదమ్ములు లేరు, తల్లి ఒక్కతే కూతురు. ఆ పేజీ రాసింది కూడా పెద్దక్కే. అయినా, ఎవర్ని పడితే వాళ్ళను బాబాయి అనమూ, పక్కింటాయన బాబాయి కాదూ, అని తనకు తనే సర్దిచెప్పుకుంది. పిల్ల కూడా అడగని సాకులు వెతికి మరీ ఇచ్చింది. లాయరు అక్కర్లేదు, ఆ కారు తరఫున తనే వాదించింది. కారు గురించి రాస్తే అది మొదటి గడిలో పట్టదు. రెండో గడి, పోలీసులు, పెద్దవాళ్ళు, వ్యాను, తాళాలు, ఒళ్ళో కదలని చేతులు. రాయలేదు. పిల్లను కాపాడుతున్నాననుకుంది. సిగ్గు లేకపోతే సరి.

నిన్న నాలుగింటికి ముందు ఆ పిల్ల ఆఫీసు గది గుమ్మంలో నిలబడింది. తనిఖీ కాగితాలు బల్ల నిండా పరుచుకుని ఉన్నాయి, పెద్దక్క తల ఎత్తలేదు. నిలబడి చాలాసేపయిందని నీడ వల్ల తెలిసింది. ఏంటే అంది, రాస్తూనే. ఏం లేదులే అంది పిల్ల. ఎప్పుడూ గుక్కతిప్పుకోకుండా మాట్లాడే పిల్ల అంత చిన్న మాట అంటే తల ఎత్తాలా వద్దా? ఏం లేదంటే ఏం లేదనుకుంటుందా ఎక్కడైనా, ఇంతమంది పిల్లల్ని పెంచిన ఆడది? ఎత్తలేదు. "రాసుకోండి పెద్దక్కా" అని వెళ్ళిపోయింది. ఏ బట్టలు వేసుకుందో పొద్దున్నుంచి గుర్తు తెచ్చుకుంటోంది. గుర్తుకు రావడానికి చూస్తే కదా. పైకి వెళ్ళి దుప్పటి మడత పెట్టింది ఆ తర్వాతా, ముందా? ముందే పెట్టి వచ్చి నిలబడిందా? ముందే అయితే, గుమ్మంలో ఉన్నప్పుడే అంతా అయిపోయింది. కాదు. అయిపోలేదు. తల ఎత్తి ఉంటే అయిపోయేది కాదు. అందుకే వచ్చి నిలబడింది.

బల్ల ఊగింది, ఈసారి లేచింది తనే. సారు వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, అలిసిపోయి ఉన్నాడు, కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఫైలు తీసుకుని పేజీలు తిప్పాడు. తను రాసిన ఒక్కొక్క కాగితం ఆయన బొటనవేలి కింద నుంచి పోతుంటే పెద్దక్క చూస్తూ కూర్చుంది. చదువుతున్నకొద్దీ ఆయన భుజాలు తేలికపడ్డాయి. ఆ భుజాలను తేలికపరిచింది తనే, పదకొండు కాగితాలు కష్టపడి.

"కంగారు పడకండమ్మా. ప్రతిసారీ వస్తూనే ఉందిగా" అన్నాడు ఆయన. "ఈ స్నేహితురాలి ఇంట్లోనే ఉండి ఉంటుంది. వాళ్ళమ్మగారు టీచరని రాశారు కదా, అడ్రసు చెప్పండి, మావాణ్ణి పంపి కనుక్కుంటా."

కౌంటరు దగ్గర ఎవరో నవ్వుతున్నారు. పెద్దక్కకు మేనేజరు మాట గుర్తొచ్చింది, తనిఖీ గుర్తొచ్చింది, ఇరవై రెండేళ్ళ ఉద్యోగం గుర్తొచ్చింది. వీధి చివర కూతురు కోసం నిలబడే తను గుర్తొచ్చింది. నీళ్ళు నమలడానికి కూడా టైము లేదు.

"ఆవిడ లేదు సార్."

"ఊళ్ళో లేదా?"

"అసలు లేదు. స్నేహితురాలూ లేదు, తల్లీ లేదు. పదకొండుసార్లూ నేనే కల్పించి రాశాను. ఆ పిల్ల ఎక్కడుండేదో నాకు ఒక్కసారి కూడా తెలియదు. పంపించేస్తారని భయపడి రాశాను. నన్ను ఏం చేస్తారో తర్వాత చేయండి సార్, ముందు దాన్ని వెతకండి. ఒక కారు వచ్చేది. బూడిదరంగుది. నాలుగుసార్లు చూశాను, ఈ కళ్ళతో."

ఆయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. ముఖంలో మంచితనం పోలేదు గానీ, అది ఇప్పుడు తన వైపు లేదు, అలా లేకపోవడమే ఆమెకు హాయిగా అనిపించింది. కానిస్టేబులును కేకేశాడు. కొత్త కాగితం తీసుకున్నాడు, పైన రెండో గడిలో తనే టిక్కు పెట్టాడు, గడియారం చూసి టైము వేశాడు. ఇన్నాళ్ళకు ఒకరు ఆ పిల్ల కోసం తొందరపడుతున్నారు.

"కారు దొరికితే పిల్ల దొరుకుతుంది. నంబరు చెప్పండి."

పెద్దక్క ఫైలు వంక చూసింది.

"కొంచెం గుర్తున్నా చాలమ్మా. చివరి రెండంకెలు. నాలుగుసార్లు చూశానన్నారు కదా."

"కారును చూశాను సార్."

"మరి నంబరు?"

"కనిపించేంత దగ్గర్లోనే ఉండేది" అంది ఆమె. "నంబరు చూస్తే రాయాలి కదండీ. అందుకని ప్రతిసారీ తల తిప్పుకునేదాన్ని."

ఆయన ఆ మాట కూడా రాసుకున్నాడు.